పనికొక పేరు

ఫిబ్రవరి 9

తమ్ముడికి అక్క దీవెనలు.

నువ్వు చేరిన సంగతి మరదలు రాసిన కార్డు వల్ల తెలిసింది. నువ్వే ఎందుకు రాయలేదని అడగను. చేతులకి గ్రీజు అంటావు. ఫోన్ చేద్దామంటే, రోప్‌వే ఇంజన్ల పక్కన ఇన్నేళ్ళు నిలబడి నీ చెవులు ఏనాడో పోయాయి. నేనిక్కడ గొంతు చించుకుంటే కింద కళ్ళజోళ్ళ షాపాయనకి వినపడుతుంది గాని నీకు వినపడదు. కాబట్టి ఉత్తరాలే మనకి దిక్కు.

అమ్మ మంచం తీసేశాక ఇల్లు పెద్దదైపోయింది. రెండు గదులూ ఒక వంటిల్లూ, ఇందులో మనం నలుగురం ఒకరి కాళ్ళు ఒకరు తొక్కుకుంటూ ఎలా బతికామో ఇప్పుడు అర్థం కావడం లేదు. ఇంటాయన మర్యాదస్తుడు, మార్చి దాటేవరకు ఖాళీ చేయమని తొందరపెట్టనన్నాడు.

పాస్టరుగారు వచ్చి వెళ్ళారు. మార్చి ఆఖరి ఆదివారం అమ్మకి జ్ఞాపకార్థ ఆరాధన పెడతారట. "అమ్మగారి జీవితం ఒక్క పేజీలో రాసివ్వండి, నేను చదువుతాను" అన్నారు. కూర్చుని రాశాను. తొంభై మూడేళ్ళ నిండు జీవితం గడిపారు. పదిహేడో ఏట ఈ సంఘంలోనే వివాహం. భర్త పోయాక ఒంటిచేత్తో ఇద్దరు పిల్లల్ని పెంచారు. నలభై ఏళ్ళు స్త్రీల క్లాసుకి నాయకురాలు. ప్రభువు బల్లకి ద్రాక్షరసం తన చేత్తోనే పిండి తెచ్చేవారు, సారా వాసన ఉన్న గుమ్మం తొక్కేవారు కాదు. ఆమె భక్తిపరురాలు, ప్రార్థనాపరురాలు. ఇంతే. రాసింది చదువుకుంటే అందులో అమ్మ కనిపించలేదు.

ఆ క్లాసు సంగతి నీకు గుర్తుందా? మన మెథడిస్టుల్లో పాతకాలం నాటి పద్ధతి కదా. వారానికోసారి పన్నెండుమంది గుండ్రంగా కూర్చుంటే నాయకురాలు ఒక్కొక్కరినీ "నీ ఆత్మ ఎలా ఉంది?" అని అడగాలి. అమ్మ అక్కడితో ఊరుకుంటేనా! మనం నోట్లో ముద్ద పెట్టుకోగానే అదే ప్రశ్న. నువ్వు ఒకసారి "ఆకలిగా ఉంది" అని చెప్పి వీపు మీద చరిపించుకున్నావు.

నీకేం గుర్తున్నా రాసి పంపు, పేజీలో కలుపుతాను. నేను మటుకు విశ్రాంతిగా ఉన్నాను. ఇన్నాళ్ళూ అమ్మ చేసిన పనులే, అమ్మ మంచాన పడ్డాక అమ్మ చెప్పినట్టే చేస్తూ వచ్చాను. ఇప్పుడు అడిగేవాళ్ళు లేరు. వంటింట్లో ఇత్తడి కుళాయిని రోజూ అద్దంలా తోమడం మానేశాను. నీళ్ళొచ్చే కుళాయికి మెరుపెందుకు చెప్పు? దుప్పట్లు అంచుకి అంచు కలిపి మడవడం మానేసి లాండ్రీలో పడేశాను. ఒళ్ళు హాయిగా ఉంది.

ఇట్లు
నీ అక్క

ఫిబ్రవరి 20

అక్కకి నమస్కారాలు.

నీ పేజీ చదివాను. ఏ సంఘంలో ఏ తల్లి పోయినా పేరు మార్చి వాడుకోవచ్చు. పాస్టరుగారికి ఇస్తే దాచిపెట్టుకుంటారు, రేపెవరికైనా పనికొస్తుందని.

కోపం తెచ్చుకోకు. నాకు గుర్తున్నది ఒకటి రాస్తాను. నాకు గవదబిళ్ళలు వచ్చి బడికి పోకుండా ఇంట్లో ఉన్న రోజులు. ఇస్త్రీ బల్ల కింద దూరి కూర్చున్నాను. అమ్మ నేను పడుకున్నాననుకుంది. మాడిన గిన్నె ఒళ్ళో పెట్టుకుని ఇసకతో రుద్దుతూ, రుద్దుకొక్కసారి "హెడ్మాస్టరు, హెడ్మాస్టరు" అంటోంది. అంతకుముందు వారమే ఆయన నన్ను బెత్తంతో వాయించాడు. నాకు మహా సంతోషం వేసింది. బల్ల కింద నుంచి తల బయటపెట్టి, "ఆయన్ని తిడుతున్నావా అమ్మా?" అన్నాను.

"తిట్టడం లేదురా, ఆయన కోసం ప్రార్థన చేస్తున్నాను. మంచివాళ్ళకి మామూలు గిన్నెలు చాలు. ఆయనకి మాడిన గిన్నె కావాలి" అంది.

తర్వాత చెప్పింది. దేవుడు తనకి మోకాళ్ళ మీద కూర్చునే తీరిక ఇవ్వలేదట, పని మాత్రం ఇచ్చాడట. అందుకని పనికొక పేరు పెట్టుకుందట. ఆ పని చేస్తున్నంతసేపూ ఆ మనిషే. పని శుభ్రంగా జరిగితే ప్రార్థన శుభ్రంగా జరిగినట్టు. మరి నాది ఏ పని అని అడిగాను. నవ్వి, "చెబితే నువ్వు దాన్ని చెడగొడతావు, నీ సంగతి నాకు తెలీదా" అంది. నిజమే, చెడగొట్టేవాణ్ణే.

ఇది పేజీలో పెట్టు. భక్తిపరురాలు అని నువ్వు పదిసార్లు రాసేకన్నా ఆ మాడిన గిన్నె మేలు.

వెనక గదికి సున్నం వేయించాను. కిటికీలోంచి లోయ కనిపిస్తుంది, మా రోప్‌వే బుట్టలు తీగ మీద వెళ్ళడం కనిపిస్తుంది. మీ మరదలు నీకోసం పరుపు కుట్టించింది. మార్చి కాగానే వచ్చెయ్. ఇద్దరం పోట్లాడుకుంటూ బతుకుదాం.

తమ్ముడు

మార్చి 3

తమ్ముడికి,

నీ ఉత్తరం చదివి నేను నవ్వాలి. ముందు నవ్వాను కూడా. తర్వాత కుళాయి వంక చూశాను.

నీకు వరసగా చెబుతాను. నేను కుళాయి తోమడం మానేసిన కొద్దిరోజులకి కింద కళ్ళజోళ్ళాయనకి ఒక కన్ను మసకబారింది. పొద్దున లేచేసరికి తెర దిగినట్టు అయిందట. ఊళ్ళో అందరి కళ్ళూ చూసే మనిషి గోడ పట్టుకుని నడుస్తుంటే జాలేసి ఇంటికి టీ పంపాను. అంతకుమించి ఏమీ అనుకోలేదు. నీ ఉత్తరం చదివాక గుర్తొచ్చింది. అమ్మ కుళాయి తోముతూ గొణుక్కునేది. "కిందాయన, కిందాయన." కింద చప్పుడెక్కువగా ఉందని విసుక్కుంటోంది అనుకునేదాన్ని.

ఇంకొకటి. గుళ్ళో హార్మోనియం వాయించే అత్తయ్యకి మణికట్టు వాచిపోయింది. రెండు ఆదివారాలుగా హార్మోనియం లేకుండానే కీర్తనలు పాడుతున్నాం, ఎవరి రాగం వాళ్ళది. దుప్పటి మడిచేటప్పుడు అమ్మ అనే పేరు ఆ అత్తయ్యదే. నేను దుప్పట్లు లాండ్రీకి వేశాను కదా.

నాకు మూఢనమ్మకాలు లేవు, నీకు తెలుసు. అయినా మర్నాడు పీచు తీసుకుని కుళాయి దగ్గర కూర్చున్నాను. చేతులు నొప్పెట్టేదాకా తోమాను. లాండ్రీ నుంచి దుప్పట్లు తెప్పించి మళ్ళీ మడిచాను. నిన్న ఆదివారం గుడి మెట్ల మీద కళ్ళజోళ్ళాయన ఎదురై, తెర కొంచెం కొంచెంగా తొలుగుతోందన్నాడు. అత్తయ్య హార్మోనియం ముందు కూర్చుంది.

నాకు తెలిసినవి మళ్ళీ మొదలుపెట్టాను. గడప కడిగితే పాలాయన. పాస్టరుగారిది నాన్నగారి ఇస్త్రీపెట్టె. ప్రతి శనివారం బొగ్గులు వేసి ఆయన తెల్ల అంగీ ఇస్త్రీ చేసేది కదా, ఆ పూట అంతా ఆయన పేరే. కానీ నీ పేరు ఏ పనిలోనూ నా చెవిన పడలేదు. అంటే నీది నేను వినని పనిలో ఉంది. నువ్వు ఎక్కే స్తంభాల ఎత్తు తలుచుకుంటే నాకు అన్నం సయించడం లేదు. జాగ్రత్తగా గుర్తు తెచ్చుకుని చెప్పు. అది తెలిసేదాకా ఈ ఇంట్లోంచి కదలను.

నా పేరు కూడా ఎప్పుడూ వినలేదు. అది వేరే సంగతి.

నీ ఆత్మ ఎలా ఉంది?

అక్క

మార్చి 9

అక్కా,

నీకేమైనా పిచ్చా? ఊళ్ళో ఒకాయనకి కన్ను మసకబారితే, వయసు మీద పడ్డ ఒకావిడకి చెయ్యి వాస్తే, దానికి కుళాయీ దుప్పటీ కారణమా? మనం మెథడిస్టులం, మంత్రాలు వేసేవాళ్ళం కాదు. అమ్మ బతికుంటే నీకు మాడిన గిన్నె కేటాయించేది.

సరదాకి రాసిన ఉత్తరం నీ నెత్తికి ఇలా ఎక్కుతుందనుకోలేదు. నువ్వు కదలనంటే మీ మరదలు నన్ను చంపేస్తుంది, పరుపు ఊరికే కుట్టించానని. నాది ఏ పనో నాకు తెలియదు. తెలిసినా చెప్పను.

ఇక్కడ అంతా మామూలే. మొన్న గురువారం తీగ ఒక్క ఊపు ఊపి ఆగిపోయింది. నేనూ ఫిట్టరూ బుట్టలో ఉన్నాం, లోయ మధ్యలో చాలాసేపు వేలాడాం. ఇది మా వృత్తిలో కొత్తేమీ కాదు. ఫిట్టరు కింద చూసి వాంతి చేసుకున్నాడు, నేను వాడి కాలరు పట్టుకున్నాను. అంతే.

ఒక్క మాట. నీ ఉత్తరం మొదటిసారి చూసి అమ్మది అనుకున్నాను. అక్షరాలు అలాగే కుడివైపుకి ఒరిగాయి. చివర ఆ ప్రశ్న కూడా రాశావు. మీ మరదలికి చూపిస్తే అది ఉత్తరం నా చేతిలో పెట్టేసి వంటింట్లోకి పోయింది. ఇంకోసారి అలా రాయకు.

తమ్ముడు

మార్చి 15

తమ్ముడూ,

గురువారం! ఎంత తేలిగ్గా రాశావురా! ఆ గురువారం నా మోకాలు పట్టేసింది. ఏమేం చేయలేదో నాకు బాగా గుర్తుంది. ముందుగది గచ్చు తుడవలేదు. కిటికీ రెక్కలు తుడవలేదు. నీళ్ళ బిందె బోర్లించి ఆరబెట్టలేదు. లాంతరు గాజు తుడవలేదు, కరెంటు ఉన్న ఇంట్లో లాంతరెందుకనుకున్నాను. ఈ నాలుగింటిలో ఒకటి నీది. ఏదో తెలియదు గనక నాలుగూ చేస్తున్నాను. తెల్లారగానే మొదలుపెడితే దీపాలు పెట్టేవేళకి పూర్తవుతాయి. కూర్చుని తినే తీరిక కూడా ఉండడం లేదు. అమ్మ ఎందుకు నిలబడి తినేదో ఇప్పుడు తెలిసింది.

కళ్ళజోళ్ళాయన నోరు ఊరుకోలేదు. తన కన్ను బాగైన కథ గుడిలో చెప్పాడు. ఇప్పుడు జనం వస్తున్నారు. బయట మెట్ల మీద ఒకరి వెనక ఒకరు నిలబడతారు. గట్టిగా మాట్లాడరు. లోపలికి రమ్మంటే రారు. ఒక్కొక్కరే గుమ్మం దాకా వచ్చి, నా భుజం మీదుగా ఇంట్లోకి చూస్తూ, "నాది ఏది?" అని అడుగుతారు. అమ్మ క్లాసులో ఉన్న ముసలమ్మలు కొందరు, వాళ్ళ పిల్లలు కొందరు. తెలిసింది చెబుతాను, తెలియనిది తెలియదంటాను. తెలియదన్నప్పుడు వాళ్ళ మొహాలు చూడలేం.

పాస్టరుగారు నన్ను మందలించడానికి వచ్చారు. ప్రార్థన దేవుడికి చేస్తాం గాని గిన్నెలకి కాదని, ఇది సంఘానికి మంచిది కాదని చాలాసేపు చెప్పారు. నేను తలూపాను. చెప్పులు వేసుకుంటూ గుమ్మం దగ్గర ఆగి, మెల్లగా, "నాది చేస్తున్నారు కదమ్మా?" అని అడిగారు.

ఇంకొకటి నీకు రాయాలా వద్దా అని ఆలోచించాను. మెట్ల మీదివాళ్ళతో మాట్లాడి లోపలికి వచ్చేసరికి కొన్ని పనులు చేసేసి ఉంటున్నాయి. బిందె బోర్లించి ఉంటుంది. గచ్చు తడిగా ఉంటుంది, అమ్మ తుడిచినట్టే, ఆ చివరి గోడ నుంచి వెనక్కి నడుస్తూ గుమ్మం దాకా, ఒక్క అడుగు గుర్తు లేకుండా. నేనే చేసి మరిచిపోతున్నానేమో. ఈ వయసులో ఆశ్చర్యం లేదు. కానీ నా చేతులు పొడిగా ఉంటున్నాయి.

ఆ ప్రశ్న నేను రాయలేదు. నా చేతికి అలవాటై వచ్చేసి ఉంటుంది. ఇంక రాయను.

అక్క

మార్చి 19

అక్కా,

నీ ఉత్తరం అందిన పూటే రాస్తున్నాను, ఇది అందిన పూటే చెప్పింది చెయ్యి.

గుర్తొచ్చింది. నాది ఇస్త్రీపెట్టె. నాన్నగారి బొగ్గుల ఇస్త్రీపెట్టె ఉంది చూడు, అదే. నేను మొదటిసారి ఉద్యోగానికి బయల్దేరిన రోజు నా చొక్కా ఇస్త్రీ చేస్తూ అమ్మే చెప్పింది. "ఇప్పుడు పెద్దవాడివయ్యావు, చెబుతున్నాను, ఇది నీది" అంది. ఇన్నాళ్ళూ ఎలా మరిచిపోయానో! కాబట్టి గచ్చూ కిటికీ బిందే లాంతరూ అన్నీ వదిలెయ్. ఇస్త్రీపెట్టె ఒక్కటి మూటగట్టుకుని రా. ఇక్కడ రోజూ నా చొక్కాలు నువ్వే ఇస్త్రీ చేద్దువుగాని, నాకూ లాభమే.

మిగతావాళ్ళకి ఎవరి పని వాళ్ళకి పంచి ఇచ్చెయ్. ఈ మాట మీ మరదలిది. ఎవరి కన్ను వాళ్ళు తోముకోమను. రేపు నువ్వు మంచాన పడితే వాళ్ళందరూ ఏం చేస్తారు? అమ్మ చేసిందంటే ప్రేమ కొద్దీ చేసింది. నువ్వు భయం కొద్దీ చేస్తున్నావు. భయంతో తోమిన కుళాయి ఎవరికి మంచి చేస్తుందక్కా?

నాకు భయంగా ఉంది, నీ గురించి. ఇంతకన్నా పచ్చిగా రాయడం నాకు చేతకాదు.

తమ్ముడు

మార్చి 25

తమ్ముడికి దీవెనలు.

నువ్వు చెప్పినట్టే చేశాను. ఇస్త్రీపెట్టె పాతచీరలో చుట్టి పెట్టె అడుగున పెట్టాను. నువ్వు అంత గట్టిగా చెప్పాక ఇంక నేను అనేదేముంది.

మెట్ల మీదివాళ్ళకి పంపకం ఒక్క పూటలో అయిపోయింది. కళ్ళజోళ్ళాయన కుళాయిని ఊడదీసుకుని పోతానన్నాడు, ఇంటాయనతో గొడవవుతుందని ఆపాను. తన ఇంటి కుళాయినే తోముకుంటానని పీచు పట్టుకెళ్ళాడు. అత్తయ్యకి దుప్పట్లు ఇచ్చేశాను. పాలాయనకి గడప ఇవ్వలేం గనక బకెట్టూ తుడిచే గుడ్డా ఇచ్చాను, తన గడప కడుక్కుంటాడు. పాస్టరుగారికి మటుకు "మీ అంగీ మీరే ఇస్త్రీ చేసుకోండి, ప్రార్థనా అందులోనే అయిపోతుంది" అన్నాను. ఆయన వాళ్ళావిడ దగ్గర నేర్చుకుంటానన్నారు. చాలాకాలానికి నవ్వాను.

ముందుగది ఊడ్చి వదిలేస్తున్నాను, తడిగుడ్డ పెట్టడం లేదు. బకెట్టే లేదు. ఇంట్లో చప్పుడు కూడా తగ్గింది.

పేజీ మళ్ళీ రాశాను. నీ మాడిన గిన్నె పెట్టాను. ద్రాక్షరసం పిండే రోజు మనిద్దరి చేతులూ వెనక్కి కట్టేసి కూర్చోబెట్టేది, ఒక్క ద్రాక్ష కూడా నోట్లో వేసుకోకుండా, అదీ పెట్టాను. కొత్త సంవత్సరం దేవుడికి మళ్ళీ మాటిచ్చే నిబంధన ఆరాధనకి వెళ్ళేముందు, మనం ఎవరికైనా బాకీ ఉన్న క్షమాపణలు ఆ వీధి చివరి ఇంటిదాకా వెళ్ళి చెప్పించి తీసుకొచ్చేది గుర్తుందా? పాతచెప్పులు కుట్టేవాడికి నువ్వు మూడేళ్ళు వరసగా చెప్పావు. వాడు నువ్వు వస్తుంటేనే "క్షమించాను, పో" అనేవాడు. ఇవన్నీ రాస్తుంటే అమ్మ కనిపించింది.

అందరికీ పంచాక నాకేం మిగల్లేదు. అడగకూడదు అనుకున్నాను గాని అడుగుతున్నాను. ఆ క్లాసులో పన్నెండుమందికి ఉంది, పాలాయనకి ఉంది, నీకు ఉంది. అమ్మ పక్కనే అరవై ఏళ్ళకి పైగా బతికిన నా పేరు నేను ఎప్పుడూ వినలేదు. ఎదురుగా ఉన్నదానికి ప్రార్థన ఎందుకులే అనుకుందేమో. ఇది రాస్తూ ఏడుస్తున్నాను, ఇంత వయసొచ్చి. అక్షరం చెదిరితే అది నీళ్ళు, అమ్మ కాదు.

అమ్మ సామాన్లలో దాచుకున్నది ఒక్కటే, ఆ తెల్ల రుమాలు. ఆఖరి నెలల్లో మంచం మీద పొద్దస్తమానం మడిచి, విప్పి, మళ్ళీ మడిచేది. ఇంకే పనీ చేయలేని చేతులు పాపం ఊరుకోలేక అలా చేసేవి. డాక్టరు కూడా వయసు వల్లే అన్నారు.

ఏప్రిల్ రెండున బయల్దేరతాను.

అక్క

మార్చి 28

అక్కా,

ఇది నువ్వు బయల్దేరేలోగా అందాలని పోస్టాఫీసుకి నేనే పరిగెత్తుకెళ్ళి వేస్తున్నాను.

నేను ఆఖరిసారి అమ్మని చూడటానికి వచ్చినప్పుడు మంచం పక్కన స్టూలు వేసుకుని కూర్చున్నాను. నువ్వు వంటింట్లో ఉన్నావు. అమ్మకి అప్పటికే గొంతు పెగలడం లేదు. నాకు చెవులు పోయాక నేను మనుషుల పెదవులు చూసి మాటలు పట్టుకుంటానని నీకు తెలుసు. ఇంజన్ల దగ్గర అందరం అలాగే మాట్లాడుకుంటాం. అమ్మ రుమాలు మడుస్తూ పెదవులు కదుపుతోంది. ఒక మడతకి ఒకసారి. విప్పి మళ్ళీ మడతకి మళ్ళీ ఒకసారి. "పెద్దపిల్ల, పెద్దపిల్ల, పెద్దపిల్ల." ఆ ఇంట్లో ఆ పేరుతో పిలిపించుకున్నది నువ్వొక్కదానివే.

నేనేమో నిన్ను పిలుస్తోంది అనుకున్నాను. వంటింట్లోకి వచ్చి, "అక్కా, అమ్మ పిలుస్తోంది" అన్నాను. నువ్వు చేతులు తుడుచుకుంటూ వచ్చి "ఏమ్మా? ఏం కావాలి?" అన్నావు. అమ్మ నీ వంక చూసి నవ్వి, రుమాలు విప్పి మళ్ళీ మొదలుపెట్టింది. రోజంతా అదే. పాపం రోజంతా నిన్నే పిలుస్తోందని నేను జాలిపడ్డాను. నువ్వు "ఏమ్మా, ఏమ్మా" అంటూ తిరిగావు. మనిద్దరం ఎంత తెలివితక్కువవాళ్ళమో చూడు. నీ మొన్నటి ఉత్తరం చదివేదాకా నాకు తట్టలేదు.

అన్ని పనులూ పోయాక అమ్మ చేతుల్లో మిగిలిన ఆఖరి పని నీదక్కా. ఆ రుమాలు పెట్టెలో పెట్టకు, చేతిలో పట్టుకుని రా.

ఇంకొక సంగతి, దీనికి పెద్దగా అర్థం వెతకకు. నిన్న తీగ మారుస్తుంటే బ్రేకు సడలి బుట్ట వెనక్కి జారింది. నా చెయ్యి చక్రం మీద ఉంది. ఎవరో పిలిచినట్టై చెయ్యి తీసి వెనక్కి తిరిగాను. బుట్ట నేను చెయ్యి పెట్టిన చోటుకే వచ్చి గుద్దుకుంది. వెనక ఎవరూ లేరు. ఉన్నా నాకు వినపడదు కదా! ఏళ్ళ తరబడి ఏ పిలుపూ వినలేదు. కానీ 'చిట్టిగా' అని స్పష్టంగా వినపడింది. చిన్నప్పుడు అమ్మ పిలిచిన ఆ పేరు మీ మరదలికి కూడా తెలియదు.

స్టేషనుకి వస్తాను.

తమ్ముడు

ఏప్రిల్ 2
రైల్వే స్టేషను, ఆడవాళ్ళ వెయిటింగ్ రూము

చిట్టిగా,

ఈ ఉత్తరం ఇక్కడి డబ్బాలో వేస్తే బహుశా నాతోపాటు ఇదే రైల్లో వస్తుంది. అయినా రాస్తున్నాను. ఎదురుగా కూర్చుని నీకు వినపడేలా అరిచి చెప్పే మాట కాదిది.

నీ ఉత్తరం పొద్దున అందింది. రుమాలు నా ఒళ్ళో ఉంది. నాలుగు మడతలు, అంచుకి అంచు. నేను చదువుతూ ఏడుస్తుంటే పక్కన కూర్చున్నావిడ మంచినీళ్ళు ఇచ్చింది. అమ్మ నన్ను మరిచిపోలేదు. అది చాలురా నాకు, ఈ జన్మకి చాలు.

ఆదివారం ఆరాధన బాగా జరిగింది. మాడిన గిన్నె దగ్గర అందరూ నవ్వారు. పాస్టరుగారి అంగీ మీద ఇస్త్రీ మచ్చ ఉంది, ఆయన దాన్ని దాచుకోలేదు. కళ్ళజోళ్ళాయన కళ్ళద్దాలు తీసి చూశాడు. హార్మోనియం అత్తయ్య వాయించింది. ఎవరికీ ఏమీ కాలేదు. నువ్వు చెప్పింది నిజమే, ఎవరి పని వాళ్ళు చేసుకుంటే జరిగిపోతుంది.

కానీ ఇస్త్రీపెట్టె నీది కాదు. అది పాస్టరుగారిదని నీకు మార్చి మొదట్లోనే రాశాను, మరిచిపోయి అబద్ధమాడావు. చిన్నప్పుడూ నీకు అబద్ధం కుదిరేది కాదు. తెలిసి కూడా ఎందుకు ఊరుకున్నానంటావా? నా కోసం ఆడావు గనక. నువ్వే అడగ్గా అడగ్గా, నేనూ అలిసిపోయాను గనక. మిగతావి మానేసి ప్రతిరోజూ భయపడుతూనే ఉన్నాను.

ఇవాళ సంగతి విను. సామాను దిగింది. కుళాయి నీళ్ళు నిన్ననే కట్టేయించాను, ఇంట్లో చుక్క నీళ్ళు లేవు. బకెట్టు పాలాయన ఇంట్లో ఉంది. గదులు ఊడ్చి, తాళం వేసి, తాళంచెవి ఇంటాయనకి ఇమ్మని కళ్ళజోళ్ళాయన చేతిలో పెట్టాను. రిక్షా ఎక్కబోతుంటే గొడుగు గుర్తొచ్చింది, వంటింటి మేకుకి వదిలేశాను. తాళంచెవి మళ్ళీ అడిగి మెట్లెక్కాను. పట్టపగలు. వీధిలో పిల్లలు ఆడుకుంటున్నారు. కింద కళ్ళజోళ్ళాయన ఎవరిచేతో బోర్డు మీది అక్షరాలు చదివిస్తున్నాడు.

తలుపు తీశాను. ముందుగది గచ్చు తడిగా ఉంది.

ఆ చివరి గోడ నుంచి సగం దాకా తుడిచి ఉంది, ఒక్క అడుగు గుర్తు లేదు. మిగతా సగం పొడిగా ఉంది, నేను ఊడ్చిన చీపురు గీతలు కూడా అలాగే ఉన్నాయి. నేను గుమ్మంలోనే నిలబడిపోయాను. వంటింటి తలుపు దగ్గరగా వేసి ఉంది. దాని వెనక బకెట్టులో గుడ్డ ముంచి పిండుతున్న చప్పుడు. నీళ్ళు కారి, ఆగి, మళ్ళీ కారాయి. ఆ తర్వాత అమ్మ గొంతు. కోపం లేదు, ఆయాసం లేదు. పని చేసుకుంటూ తనలో తను అనుకునే గొంతు. "చిట్టిగాడు, చిట్టిగాడు."

భయం వేయలేదని అబద్ధం చెప్పను. అయినా ఒకటి గమనించాను. అమ్మ నన్ను పిలవలేదు. పిలిస్తే వెళ్ళేదాన్నేమో. తనకి పని ఉంది, అందులో నేను అడ్డం. తుడుస్తున్న చోట చెప్పులతో అడుగుపెడితే చిన్నప్పుడు ఏమనేదో గుర్తొచ్చి, చెప్పుల కాలు వెనక్కి తీసుకున్నాను. తలుపు చప్పుడు కాకుండా దగ్గరికి లాగి తాళం వేశాను.

నీది గచ్చు. నువ్వు బుట్టలో వేలాడిన గురువారం నేను దాన్ని వదిలేశాను. ఆ మర్నాటి నుంచీ ఎవరు చేస్తున్నారో ఇప్పుడు తెలిసింది. నేను చేయక్కర్లేదు, నువ్వు చేయక్కర్లేదు. ఇల్లు ఇంకెవరికో ఇచ్చాక, వాళ్ళ గచ్చు పొద్దున్నే తడిగా ఎందుకుంటుందో వాళ్ళు కొన్నాళ్ళు అనుకుంటారు, తర్వాత అలవాటు పడతారు.

రైలు వచ్చింది. గొడుగు అక్కడే ఉండిపోయింది. మీ దగ్గర వానలని మరదలు రాసింది, వచ్చేటప్పుడు ఒకటి పట్టుకురా. నేను దిగగానే నిన్ను ఒకటి అడుగుతాను. జనంలో గొంతు వినపడదు, నా పెదవుల వంక చూడు.

నీ పెద్దపిల్ల